వ్రాతప్రతి పంపడానికి ముందు

ప్రేమనవల వ్రాయడం తేలిక పని అనుకునేవారు మన సాహిత్యలోకంలో చాలామంది ఉన్నారు. వ్రాసినదానిని ప్రచురణకర్తకు పంపడం అంతకంటే తేలిక అనుకునేవారు ఇంకా ఎక్కువ. కాగితాల కట్ట మీద చిరునామా వ్రాసి రిజిస్టరు పోస్టులో వేయడంతో రచయిత బాధ్యత తీరిపోయిందని వీరి నమ్మకం. ఆ చిరునామా గల సంస్థ గడచిన రెండు మూడేళ్ళలో ఏ పుస్తకాలు వేసిందో చూశారా అని అడిగితే, "అది వ్యాపారం, మాది సాహిత్యం" అని సమాధానం వస్తుంది. వినడానికి గంభీరంగా ఉండే ఈ సమాధానం నిజానికి బద్ధకానికి కప్పిన శాలువ. తాను తలుపు తట్టే ఇంట్లో ఎవరున్నారో తెలుసుకోవడం కూడా తన గౌరవానికి భంగమని భావించే రచయిత, ఆ ఇంటివారు తలుపు తీయలేదని లోకాన్ని నిందించడం న్యాయం కాదు.

ఈ మాట బస్తర్ నుంచి చెప్పడానికి కారణం ఉంది. కోంటా, భోపాల్‌పట్నం, బీజాపూర్ ప్రాంతాలలో తెలుగు ఇప్పటికీ సంతలో వినిపించే భాష. దోర్లాల మాటలో తెలుగు పదం విడదీయలేనంతగా కలిసిపోయింది. ఓరుగల్లు పతనానంతరం అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడన్న రాజవంశ కథనాన్ని పక్కన ఉంచినా, అంతకు చాలా ముందే బార్సూరులో ఛిందక నాగవంశపు రాణి గంగమహాదేవి వేయించిన శాసనం తెలుగులో ఉన్నది. ఆ శాసనాన్ని చెక్కించినవారికి దానిని చదివేవారెవరో తెలిసే ఉంటుందని అనుకోవడానికి చరిత్ర పట్టభద్రులు కానక్కరలేదు.

నేటి స్థితి వేరు. బడిలో హిందీ చదువుకున్న పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడినా తెలుగు అక్షరాన్ని గుర్తుపట్టలేడు. బంధువుల ఇళ్ళలోనో, భద్రాచలం వైపు చదువుకునే రోజుల్లోనో లిపి నేర్చుకున్న కొద్దిమందిలో కొందరు వ్రాస్తున్నారు. వారిలో ఎక్కువమంది మొదట వ్రాసేది ప్రేమకథ. అందులో చిన్నతనం ఏమీ లేదు; ఏ భాషలోనైనా యువకులు మొదట వ్రాసేది అదే. కోంటా నుంచి భద్రాచలానికి, భోపాల్‌పట్నం నుంచి ఏటూరునాగారం మీదుగా హైదరాబాదుకు జాతీయ రహదారులు ఉన్నాయి. ఆ దారిన సిమెంటు వస్తుంది, ఎరువులు వస్తాయి, సినిమా పోస్టర్లు వస్తాయి. తెలుగు ప్రచురణకర్త కొత్త పుస్తకాల పట్టిక మాత్రం రాదు.

సుకుమా జిల్లాలో పనిచేసే ఒక యువ ఉపాధ్యాయుడు రెండేళ్ళు శ్రమపడి ఒక నవల వ్రాశాడు. ఆరోగ్యకేంద్రంలో పనిచేసే దోర్లా యువతికి, శబరి ఒడ్డున ఇసుక లారీ నడిపే యువకునికి మధ్య నడిచే ప్రేమకథ అది. తల్లి పెట్టెలో దాచుకున్న పాత నవలల మీద ఉన్న ఒక సంస్థ పేరు చూసి వ్రాతప్రతిని అక్కడికే పంపాడు. ఏడాది తరువాత ఉత్తరం ముక్కైనా లేకుండా అది తిరిగి వచ్చింది. "సరిహద్దువాళ్ళమని చులకన" అని అతని నిర్ణయం. ఆ సంస్థ ప్రచురించినవాటిలో నీవు చివరగా చదివిన పుస్తకం ఏదని అడిగితే, తాను పుట్టకముందు అచ్చయిన నవల పేరు చెప్పాడు. ఆ సంస్థ చాలాకాలంగా పోటీపరీక్షల పుస్తకాలు వేసుకుంటూ బ్రతుకుతున్నది. చులకన జరిగి ఉంటే ఉత్తరం వ్రాయకపోవడంలో జరిగింది; అది తప్పే. కాని ఆ వ్రాతప్రతిని చదవగల సంపాదకుడు ఆ చిరునామాలో లేడన్న సంగతిని పట్టిక చూసినవాడు పది నిమిషాలలో గ్రహించేవాడు.

తెలుగులో ప్రేమనవల చరిత్ర తెలిసినవారికి ఈ పొరపాటు ఎంత సులభంగా జరుగుతుందో అర్థమవుతుంది. 1960వ దశకంలో, 1970వ దశకంలో ప్రచురణకర్త ఎంపిక చేసుకునే చోటు తపాలా సంచీ కానే కాదు. నవల ముందు వారపత్రికలోనో మాసపత్రికలోనో ధారావాహికగా వచ్చేది. పాఠకుల ఉత్తరాలు చూసి ప్రచురణకర్త దానిని పుస్తకంగా వేసేవాడు. అది నిలబడితే సినిమావారు వచ్చేవారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి'గా తెర మీదికి వచ్చింది; ఆమెదే 'ప్రేమనగర్' 1971లో వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో వెలువడి, పుస్తకంగా ఇంటింటా తిరిగి, 1976లో సినిమా అయింది. మచిలీపట్నంలోని ఎం. శేషాచలం అండ్ కంపెనీ తన పేరును కుదించి పెట్టుకున్న 'ఎమెస్కో' ముద్రతో వచ్చిన పాకెట్ పుస్తకాలు మధ్యతరగతి ఇంటి అలమరలోకి నవలను ప్రవేశపెట్టాయి. ఆ రోజుల్లో కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకొని నవలలు వ్రాసిన సంగతిని మన విమర్శకులు నవ్వుకుంటూ చెప్పుకుంటారు. నవ్వుకోవచ్చు. కాని వారికి ఒక్క విషయంలో మార్కులు ఇవ్వాలి: ప్రచురణకర్త పట్టికను వారు చదివారు.

1980వ దశకం వచ్చేసరికి పట్టిక మారింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వంటి నవలలు, మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలలు వారపత్రికలను ఆక్రమించాయి. కారులో వచ్చే రాజశేఖరం స్థానంలో క్షుద్రోపాసకుడు, వ్యాపారవేత్త, నేరపరిశోధకుడు వచ్చి కూర్చున్నారు. ఆ తరువాత టెలివిజన్ ధారావాహిక ఇంట్లోకి వచ్చి, నవల చదివే మధ్యాహ్నాలను తీసుకుపోయింది. ఆనాటి వారపత్రికలలో పెక్కు నేడు లేవు. ఎమెస్కో నేటి పట్టికలో ప్రాచీన సాహిత్యం, చరిత్ర, తత్త్వం, అనువాదాలు పెద్ద స్థానం ఆక్రమించాయి. అంటే సంస్థ పేరు ఒకటే ఉండగా దాని పుస్తకాలు మూడు తరాలలో మూడు రకాలుగా మారవచ్చు. పేరును నమ్మి వ్రాతప్రతి పంపేవాడు ఊరి పేరు ఒకటే కదా అని నూరేళ్ళ నాటి పటం పట్టుకొని బయలుదేరిన బాటసారి వంటివాడు.

ఈ మార్పులను అందరికంటే ముందు కనిపెట్టినవాడు విమర్శకుడు కాదు, ఆచార్యుడు కాదు. అద్దె పుస్తకాల కొట్టు యజమాని. ఏ నవల మూడు రోజులలో నలుగురి చేతులు మారింది, ఏది దుమ్ము పట్టింది, ఏ రచయిత్రి పేరు అడిగి మరీ తీసుకువెళ్తున్నారు అన్న లెక్క అతని నోటు పుస్తకంలో ఉండేది. ఆ కొట్లు మూతపడ్డాయి. ఆ నోటు పుస్తకాలను ఏ గ్రంథాలయమూ సేకరించలేదు. రాగిరేకు దొరికితే పరుగెత్తే మనం, ఒక జాతి మూడు దశాబ్దాలపాటు ఏమి చదివిందో చెప్పగల సాక్ష్యాన్ని చిత్తుకాగితాల వానికి అమ్మివేశాం.

మరి పట్టికను చదవడం అంటే ఏమిటి? శీర్షికలు చూసి సంతోషించడం చదవడం కాదు. చరిత్ర విద్యార్థి ఆధారాన్ని చేతిలోకి తీసుకోగానే మొదట దాని కాలం నిర్ణయిస్తాడు. ఇక్కడా అదే పని. తెలుగు ప్రచురణకర్తల నవలల పట్టికలలో పునర్ముద్రణలు చాలా ఉంటాయి. యద్దనపూడి 2018లో కన్నుమూశారు. ఆమె నవలలు ఇంకా కొత్త అట్టలతో వస్తూనే ఉన్నాయి. దుకాణంలో ఆ అట్టను చూసినవాడు, ఈ సంస్థ ఇటువంటి నవలలు వేస్తున్నదని అనుకుంటాడు. అట్ట తిప్పి ముద్రణ వివరాల పేజీ చూస్తే ప్రథమ ముద్రణ ఏనాటిదో, ఇప్పటి ముద్రణ ఏనాటిదో కనబడుతుంది. పేరుపొందిన పాత నవలను మళ్ళీ వేయడానికి కావలసిన ధైర్యం వేరు, పేరు తెలియని మనిషి మొదటి నవల వేయడానికి కావలసిన ధైర్యం వేరు. పట్టికలోంచి పునర్ముద్రణలను కొట్టివేసి, మిగిలినవాటిలో ప్రేమనవలలు ఎన్ని, వాటిలో మొదటిసారి అచ్చయిన రచయితలు ఎందరు అని లెక్కపెట్టాలి. ఆ లెక్క సున్న అయితే ఆ చిరునామాను కొట్టివేయాలి. దానికి కన్నీరు అనవసరం.

అదే పేజీలో "ప్రతులకు" అన్న మాట కింద ఏమున్నదో కూడా చూడాలి. నవోదయ, విశాలాంధ్ర వంటి పంపిణీదారుల పేర్లతోపాటు రచయిత ఇంటి చిరునామా ఉంటే, చాలా సందర్భాలలో ఆ పుస్తకానికి డబ్బు పెట్టినది రచయితే. పైన ఉన్న ప్రచురణ సంస్థ పేరు రచయిత భార్య పేరో, మనుమరాలి పేరో అయి ఉంటుంది. అందులో అవమానం లేదు. తెలుగు కవిత్వంలో సగం ఈ దారినే బ్రతికింది. కాని అటువంటి 'సంస్థ'కు వ్రాతప్రతి పంపి, సంవత్సరం ఎదురుచూసి, తెలుగులో ప్రచురణకర్తలు లేరని వ్యాసం వ్రాయడం మాత్రం హాస్యాస్పదం.

కాలనిర్ణయం అయిన తరువాత అసలు చదువు మొదలవుతుంది. ఆ సంస్థ ఇటీవల వేసిన ప్రేమనవలలు కనీసం మూడు కొని చదవాలి. నాయిక ఏ పని చేసి బ్రతుకుతున్నది? ఆమె జీతం కథలో ఎక్కడైనా కనబడుతుందా? కులం పేరు ఎత్తుతారా, ఎత్తకుండా దాటవేస్తారా? పెళ్ళితో కథ ముగుస్తుందా, పెళ్ళితో మొదలవుతుందా? మాండలికాన్ని సంభాషణకే పరిమితం చేశారా, కథనమంతటా రానిచ్చారా? ఈ చివరి ప్రశ్న బస్తర్ రచయితకు ప్రాణప్రదమైనది. కోంటా తెలుగును సంపాదకుడు అచ్చుతప్పు అనుకొని దిద్దివేస్తాడా, మాండలికమని గుర్తించి నిలుపుతాడా అన్నది ఆ సంస్థ నిన్నటి పుస్తకాలు చెప్పినంత స్పష్టంగా ఎవరూ చెప్పరు.

ఇంగ్లీషు ప్రేమనవలా వ్యాపారంలో ఇదంతా బహిరంగంగా జరుగుతుంది. 1908లో లండనులో స్థాపితమైన మిల్స్ అండ్ బూన్ మొదట అన్ని రకాల పుస్తకాలూ వేసింది. 1930వ దశకంలో చందా గ్రంథాలయాల పాఠకులను గమనించి ప్రేమనవలల వైపు తిరిగింది. 1971లో కెనడా సంస్థ హార్లెక్విన్ దానిని కొన్నది. 2008లో ఆ ముద్ర భారతదేశంలో కార్యాలయం తెరిచింది. 2014లో హార్లెక్వినే హార్పర్‌కాలిన్స్ యాజమాన్యంలోకి వెళ్ళింది. ఆ సంస్థ నవలలను శ్రేణులుగా విడదీస్తుంది: ఆసుపత్రి నేపథ్యం ఒకటి, చారిత్రకం ఒకటి, ధనిక నాయకుల కథలు ఒకటి. ప్రతి శ్రేణికీ ఎన్ని పదాలు ఉండాలో, కథ ఏ తీరులో నడవాలో ముందే ప్రకటిస్తుంది. ఆసుపత్రి శ్రేణి నవల సుమారు 50,000 పదాలు. పంపే ముందు మా ఇటీవలి పుస్తకాలు చదవండి అని రచయితలను కోరుతుంది. ఆ పుస్తకాల గుణదోషాలు వేరే చర్చ. కొత్త రచయితకు తన ద్వారం ఎంత వెడల్పో చెప్పే మర్యాద అక్కడ ఉన్నది. మన ప్రచురణకర్తలలో ఆ మర్యాద అరుదు. కాబట్టి ఇక్కడ రచయిత పని రెట్టింపు: వారు చెప్పనిదానిని వారి పుస్తకాలలో చదివి తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పకుండా వస్తుంది. పట్టిక చూసి వ్రాసేవాడు పట్టికకు బానిస అవుతాడని, చలం ఎవరి పట్టిక చూసి 'మైదానం' వ్రాశాడని అడుగుతారు. ఈ వాదనలో బలం లేకపోలేదు. అచ్చయినవాటినే అనుకరిస్తూ పోతే భాషలో ఒకే నవల వెయ్యి పేర్లతో తిరుగుతుంది. వారపత్రికల కాలంలో అది కొంత జరిగింది కూడా. కాని నేను చెప్పేది వ్రాయడానికి ముందు పట్టిక చూడమని కాదు, పంపడానికి ముందు చూడమని. నవలను తనకు తోచినట్లు వ్రాయవలసినదే. వ్రాసిన తరువాత దానిని ఎవరు చదవగలరో వెదకడం రచనకు ద్రోహం ఎలా అవుతుంది? చలాన్ని ఉదహరించే మిత్రులు చలం ధైర్యాన్ని తీసుకోకుండా, చిరునామా వెదకకపోవడానికి మాత్రం ఆయన పేరు తీసుకుంటున్నారు.

నిజానికి పట్టిక తెలియనివాడే ఎక్కువగా అనుకరిస్తాడు. బస్తర్ ప్రేమకథ అనగానే ఘోటుల్, డప్పు, వెన్నెల, పువ్వులు ముడిచిన అమ్మాయి, పట్నం నుంచి వచ్చిన అధికారి. నా దృష్టికి వచ్చిన వ్రాతప్రతులలో ఈ అధికారి చాలాసార్లు కనబడ్డాడు. కొలువులో ఉన్నవాడిగా చెబుతున్నాను, అంత తీరిక మాకు ఎవరూ ఇవ్వరు. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన పెద్ద గ్రంథం తరువాత ఘోటుల్ ప్రపంచమంతా తెలిసింది. అది ప్రధానంగా కొండగావ్, నారాయణపూర్ ప్రాంతాల మురియాల సంస్థ. చేలిక్‌లకు, మోటియారీలకు అక్కడ కట్టుబాట్లు, పనులు, బాధ్యతలు ఉంటాయి. దానిని శబరి ఒడ్డున ఉన్న దోర్లా పల్లెకు తెచ్చి పెట్టి, స్వేచ్ఛాప్రణయ మందిరంగా వర్ణించడం చరిత్రకూ తప్పు, ఆ పల్లె అమ్మాయికీ అపచారం. జగదల్‌పూర్‌లో పుట్టిన హిందీ రచయిత గుల్‌షేర్ ఖాన్ శానీ 1965లో ప్రచురించిన 'కాలా జల్' ఈ ఊరి దిగువ మధ్యతరగతి ముస్లిం కుటుంబాల కథ. అడవిని అమ్ముకోకుండానే అది హిందీ సాహిత్యంలో నిలిచింది. బస్తర్ యువ తెలుగు రచయితలలో దాని పేరు విన్నవారు తక్కువ. తమ ఊరి నుంచి ఇంతకుముందు ఏమి అచ్చయిందో తెలియనివారు ప్రతిసారీ మొదటి పేజీ నుంచి, అదే డప్పుతో, మొదలుపెడతారు.

పట్టికలో కనిపించే ఖాళీని గురించి కూడా ఒక మాట. తెలుగు ప్రేమనవలలలో కోంటా ఆరోగ్యకార్యకర్త నాయికగా ఉన్నది నాకు ఎదురుపడలేదు. దీనిని చూసి అవకాశం అనుకునేవారు ఉంటారు, నిషేధం అనుకునేవారూ ఉంటారు. ఎవరూ వ్రాయకపోవడం వల్ల ఏర్పడిన ఖాళీ ఒకటి. ప్రచురణకర్త వద్దనుకోవడం వల్ల ఏర్పడినది మరొకటి. ఆదిలాబాద్ గోండు గూడేల మీదనో, అరకు మీదనో, మరేదైనా అంచు ప్రాంతం మీదనో ఆ సంస్థ ఈ మధ్య ఒక్క నవలైనా వేసి ఉంటే మొదటిదని భావించి పంపవచ్చు. నాయికలందరూ హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలోనే పనిచేస్తుంటే రెండవదని భావించి వేరే చిరునామా వెదకాలి. 2014లో బెంగుళూరులో మొదలైన 'ప్రతిలిపి' వంటి వేదికలు ఇప్పుడు తెలుగు ప్రేమకథలను ఫోనులోకే తెచ్చి, ఏది ఎంతమంది చదివారో చూపుతున్నాయి. అద్దె కొట్టు యజమాని నోటు పుస్తకం మరో రూపంలో తిరిగి వచ్చినట్లే. అయితే అక్కడి లెక్క అక్కడి పాఠకులది. దానిని పట్టుకొని అచ్చు ప్రచురణకర్త మనసు ఊహించరాదు.

ఇంతవరకు రచయితలను దులిపాను. ఇప్పుడు నాబోటి ఉద్యోగుల వంతు. 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం పరాయి ప్రభుత్వం మన మీద కన్ను వేయడానికి చేసినదే. కాని ఆ చట్టం ప్రకారం ప్రతి పుస్తకానికి శీర్షిక, భాష, రచయిత, విషయం, ముద్రాపకుడు, పుటలు, ఎన్నవ ముద్రణ, ఎన్ని ప్రతులు, వెల ఎంత, హక్కు ఎవరిది అన్న వివరాలు నమోదు చేసి, మూడు నెలలకొకసారి రాజపత్రంలో ప్రకటించవలసి ఉండేది. ఆ త్రైమాసిక పట్టికలే నేడు పుస్తక చరిత్ర వ్రాసేవారికి గని. శృంగార కథ అని, చౌకబారు అని అందులోంచి దేనినీ తీసివేయలేదు. అనుమానంతో చూసిన దొర అన్నిటినీ లెక్కించాడు. స్వతంత్ర భారతంలో ఆ పట్టికలు నీరసించాయి. 2023లో చేసిన పత్రికల నమోదు చట్టం పాతదాని స్థానంలో వచ్చి, పుస్తకాలను తన పరిధిలోంచే తప్పించింది. నిఘా పోయినందుకు సంతోషించవలసినదే. నిఘాతోపాటు లెక్క కూడా పోయింది.

మిగిలినది 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం. ప్రచురించిన 30 రోజులలోగా ఒక ప్రతి కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి పంపాలని అది చెబుతుంది. ఆ విధంగా చేరినవాటి ఆధారంగా కేంద్రీయ సందర్భ గ్రంథాలయం జాతీయ గ్రంథసూచిని తయారుచేస్తుంది. అది పండితులకు ఉపకరించే పని, మన శాఖ గర్వించదగిన పని. కాని కాలాతీతమైన సూచి చరిత్రకారునికి ఆధారం అవుతుంది, రచయితకు అవదు. రచయితకు కావలసినది ఈ త్రైమాసికంలో వచ్చిన పుస్తకం. పైగా సూచికి మూలం ప్రచురణకర్త పంపిన ప్రతి. చిన్న పట్టణంలో ప్రేమనవల అచ్చువేసేవానికి ఈ చట్టం ఉన్నట్లు ఎవరు చెప్పారు?

కొనుగోళ్ళ సంగతి ఇంకా విచిత్రం. 1972లో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం ద్వారా, రాష్ట్రాల గ్రంథాలయ వ్యవస్థల ద్వారా ప్రజాధనంతో పుస్తకాలు కొంటున్నాం. ఎంపిక బల్ల ముందు కూర్చున్న పెద్దలకు ప్రేమనవల కనబడగానే పెదవి విరవడం ఒక అలవాటు. పనికిరానిదాన్ని కొనమని ఎవరూ అనడం లేదు. చదివి పక్కన పెట్టడం వేరు, అట్ట చూసి పక్కన పెట్టడం వేరు. గ్రంథాలయంలో ఈ సంవత్సరపు ప్రేమనవల ఒక్కటీ లేకపోతే, దానికంటే మంచిది వ్రాయగల యువతి దేనితో పోల్చుకొని వ్రాస్తుంది? చేతిలో ఉన్న పాత పుస్తకాన్ని చూసి వ్రాస్తుంది. దానిని ఈనాటి సంపాదకుడు పాతదని తిరగ్గొడతాడు. మన అభిరుచి ఆమెను యాభై ఏళ్ళు వెనక్కి నెట్టిందన్నమాట.

ఇందుకు పెద్ద పథకాలు అక్కరలేదు. విజయవాడలో ఏటా జనవరిలో, హైదరాబాదులో శీతాకాలంలో పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి. ప్రతి అంగడిలోనూ కొత్త పట్టిక ఉచితంగా చేతిలో పెడతారు. సుకుమా, బీజాపూర్, జగదల్‌పూర్ గ్రంథాలయాల కోసం ఆ పట్టికలను ఒక సంచీలో వేసుకొని రావడానికి ఒక ఉద్యోగికి ప్రయాణ భత్యం చాలు; కోంటా, భోపాల్‌పట్నాలకు అక్కడి నుంచి తపాలాలో పంపవచ్చు. పట్టికలో ఉన్న కొత్త నవలలలో నాలుగు కొని బల్ల మీద పెట్టడానికి అయ్యే ఖర్చు, అదే గ్రంథాలయ వార్షికోత్సవంలో పూలదండలకు అయ్యే ఖర్చు కంటే తక్కువ. సంస్కృతి శాఖ పూనుకొంటే తెలుగుకూ, హల్బీతో సహా ఇక్కడి ఇతర భాషలకూ మూడు నెలలకొకసారి ఒక పట్టిక వెలువరించవచ్చు. 1867 నాటి గడులే సరిపోతాయి. వాటిలో 'ఎన్నవ ముద్రణ' అన్న గడిని మాత్రం మరువకుండా నింపాలి. ప్రతుల సంఖ్య చెప్పడానికి ప్రచురణకర్తలు ఎలాగూ ఇష్టపడరు.